ఒత్తు ఆగిన పూట

పేరు చెప్పనక్కర్లేని ఒకానొక రాజ్యంలో గజభీముడనే రాజు ఒక శాసనాన్ని రాగిరేకు మీద చెక్కించాడు. "కొలువులో మోగే ఒత్తు సన్నాయి రాజు ప్రాణం. అది ఆగితే రాజు ప్రాణం ఆగినట్టే. ఆపినవాడి తల ఆ సాయంత్రమే తెగుతుంది."

ఒత్తు సన్నాయి రాగం పలకదు. రాజు కూర్చున్నది మొదలు లేచేదాకా ఒకే స్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఊదేవాడు బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని సన్నాయిలోకి నెడుతూనే ముక్కుతో కొత్త ఊపిరి తీసుకోవాలి. మెడ బిగిసినా, భుజాలు లేచినా ఆ పని సాగదు.

రాజుగారికి ఆ వాలకం నచ్చలేదు. "నా ఎదుట కప్పలా ఆ బుగ్గలేమిటి? వాలిపోయిన ఆ భుజాలేమిటి? సిపాయిలా బిగిసి నిలబడి ఊదాలి!" అన్నాడు.

ఏడాదిలో ఇద్దరి తలలు తెగాయి. మూడోవాడు పైడయ్య.

అతని భార్య సింగమ్మ మంత్రసాని. నొప్పులు పడే ఆడవాళ్ళకు చెప్పే మాటే రోజూ మొగుడికీ చెప్పి పంపేది. "దవడ వదులు. భుజాలు దించు. పొట్టను ఊపిరి తీసుకోనీ." బిగిసి నిలబడ్డవాడికి ఆ మాట ఏం పనికొస్తుంది? ఒకనాటి మధ్యాహ్నం ఒత్తు ఆగింది. పైడయ్యను వధ్యశిల దగ్గరికి ఈడ్చుకుపోయారు.

కబురు విన్న సింగమ్మ ఏడవలేదు. ఓ తెల్లగుడ్డ, ఓ గుండ్రాయి తీసుకుని కోటకు నడిచింది. మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టేది ఆ రాజ్యంలో మంత్రసానే. తెల్లగుడ్డ చూసి కాపలావాళ్ళు దారి వదిలారు.

ఆమె తిన్నగా కొలువులోకి, రాజు పక్కన కూర్చున్న మహారాణి దగ్గరికి వెళ్ళింది. "చేతులివ్వు తల్లీ."

"ఎవతెవే నువ్వు? ఏమిటీ అఘాయిత్యం?" అని అరిచాడు రాజు.

సింగమ్మ అటు తిరగలేదు. "మంత్రిగారూ, శవాన్ని ఇంకా ఎంతసేపు కూర్చోబెడతారు? నీళ్ళు కాయించండి."

"నేను బతికే ఉన్నానే, గుడ్డిదానా!"

"రాగిరేకు అలా అనడం లేదు దొరా. ఒత్తు ఆగితే తమరు పోయినట్టే. పోయిన రాజు మాట మీద తలారి కత్తి ఎలా ఎత్తుతాడు? పోలేదంటారా, రేకు అబద్ధం. అబద్ధానికి నా మొగుడి తలెందుకు?"

మంత్రి గడ్డం గోక్కున్నాడు. రాజుగారి తమ్ముడు మెల్లగా లేచి తలపాగా సర్దుకున్నాడు. మహారాణి రెండు చేతులూ చాచింది. ఆమె కళ్ళలో తడి లేదు.

అన్నీ రాజు చూశాడు. ముఖం కందిపోయింది, ఊపిరి అందలేదు.

"భుజాలు దించండి దొరా. దవడ వదలండి. అదే వస్తుంది," అంది సింగమ్మ, పురిటి మంచం పక్కన నిలబడ్డట్టు.

రాజు భుజాలు దించాడు. ఊపిరి వచ్చింది, దాని వెంట నవ్వూ వచ్చింది. ఆయన నవ్వాడని తేలాక కొలువంతా నవ్వింది.

"గట్టిదానివే! ఆ రేకు కరిగించండి. ఇక వాణ్ణి కూర్చుని, బుగ్గలు ఎంత కావాలంటే అంత పొంగించుకుని ఊదనివ్వండి!" అంటూ చేతి కంకణం తీసి ఆమె ముందుకు విసిరాడు.

సింగమ్మ వంగలేదు. "తమ నవ్వు ఆగకముందే ముద్ర వేయించండి దొరా. పొద్దు వాలుతోంది."

శిక్ష రద్దంటూ ముద్ర పడిన తాటాకు పట్టుకుని పరుగెత్తింది. తలారి దాన్ని చదివించుకుని కట్లు విప్పాడు. బండ మీద పాత మరకలు అలాగే ఉన్నాయి.

పైడయ్య అడిగాడు. "రాజుగారు ఏమన్నారే?"

"నవ్వాడు," అంది సింగమ్మ.