గోరింకలు ఇల్లు కొన్న కథ

అనగా అనగా, పిట్టలు కూడా ఇంటద్దె కట్టిన కాలం ఒకటుండేది. ఆ కాలంలో, ఒక కొండ కింది అడవిలో గోరింకల జంట కాపురముండేది. మగపిట్ట పేరు బూచెన్న. ఆడపిట్ట పేరు సింగారి.

వాళ్లది అద్దె తొర్ర. గోరింకకు చెట్టు తొలిచే ముక్కు లేదు కదా! తొలిచేది వడ్రంగిపిట్ట. అడవిలో సగం తొర్రలు దానివే. రోజూ తెల్లవారగానే వచ్చి, గుమ్మం మీద టకటకా కొట్టి, అద్దె కింద లావుపాటి పురుగులు పట్టుకుపోయేది.

"పొద్దుగూకాక పాటలు పాడొద్దన్నానా?" అనేది ఒకరోజు.

"గడ్డి మరీ ఎక్కువ పరుస్తున్నారు, నా తొర్ర పాడవుతుంది" అనేది మరోరోజు.

ఒక ఉదయం ఇంకో మాట అంది. "గుడ్లు పెడతారట కదా? పిల్లలుంటే అద్దె రెట్టింపు. ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి. చిలకలు ఎప్పట్నుంచో అడుగుతున్నాయి."

అది ఎగిరిపోగానే సింగారి రెక్కలు దులిపింది. "ఏమయ్యా, నా పిల్లలు సొంత తొర్రలోనే కళ్లు తెరవాలి. రాతి సందులో దాచిన జొన్నలున్నాయిగా. కొనేద్దాం."

"కొనేద్దామే!" అన్నాడు బూచెన్న.

ఇళ్లు చూపించడానికి తొండ వచ్చింది. చిక్కేమిటంటే, ఇద్దరూ ఒకేసారి బయటికి వెళితే వడ్రంగిపిట్ట చిలకలను దింపేస్తుంది. అందుకని ఒకరు కాపలా ఉండాలి, ఒకరు చూసిరావాలి అని వంతులు వేసుకున్నారు.

మొదటిది తాటిమోడు. బూచెన్న వెళ్లి, గాలికి ఊగి ఊగి, కళ్లు తిరిగి తిరిగొచ్చాడు. రెండోది పాడుబడిన గోడలో కంత. సింగారి చూసొచ్చి, "మధ్యాహ్నం అందులో కూర్చుంటే పెనం మీద అట్టులా వేగాను" అంది.

మూడోది వాగు ఒడ్డున మద్దిచెట్టు తొర్ర. గుడ్లగూబది. చాలా పెద్దది. ముందు సింగారి చూసింది. లోపలికి తొంగిచూస్తే బావిలా ఉంది. "మా ఆయన పెద్ద ఇల్లు, పెద్ద ఇల్లు అంటుంటాడు. ఇది చూస్తే సంబరపడతాడంటావా?" అని తొండను అడిగింది.

తొండ తల పైకీ కిందికీ ఊపింది.

'ఆయన ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి?' అనుకుని సింగారి ఇంటికొచ్చి, "బాగుంది, నువ్వూ చూసిరా" అంది.

బూచెన్న వెళ్లాడు. లోపల కాలు పెడితే చెమ్మకు అతుక్కుపోయింది. "సింగారికి ఇది నిజంగానే నచ్చిందా?" అని అడిగాడు.

తొండ మళ్లీ తల ఊపింది.

అతనూ నోరు మూసుకుని ఇంటికొచ్చి, "చాలా బాగుంది" అన్నాడు.

మర్నాడు మద్దిచెట్టు కింద జొన్నలు కుప్ప పోశారు. సాక్షిగా ముసలి తాబేలు వచ్చింది. ఆ అడవిలో ఒక కట్టడి ఉంది. జొన్నలు చేతులు మారేముందు, కొనేవాళ్లు ఒక్కొక్కరూ ఆ ఇంటి లోపం ఒకటి పైకి చెప్పాలి. చెప్పలేకపోతే ఇల్లు సరిగా చూడలేదని లెక్క. బేరం చెల్లదు.

"ఊఁ, చెప్పండి" అంది తాబేలు.

"ఏముంది తాతా, కొంచెం లోతు" అని సింగారి నసిగింది.

"కొంచెమేనా?"

"కొంచెమంటే... పిల్ల జారి పడితే ముసలిదయ్యేదాకా పైకి రాదు."

బూచెన్న ముక్కు తెరిచాడు. "అంత లోతని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావే? లోపలంతా చెమ్మ! నా కాళ్లకు ఇంకా బూజు వదల్లేదు!"

"మరి చాలా బాగుందన్నావు?"

"నీకు నచ్చిందని తొండ చెప్పింది!"

"నీకు నచ్చుతుందని నాకూ తొండే చెప్పింది!"

ఇద్దరూ తొండవైపు తిరిగారు. "అబద్ధమాడావా?" అన్నాడు బూచెన్న. తొండ తల ఊపింది. "నిజమే చెప్పావా?" అంది సింగారి. అప్పుడూ ఊపింది.

"నీ తోక గాడిద తిన్నదా?" అని అడిగింది తాబేలు. దానికీ ఊపింది! అడవంతా ఘొల్లుమంది.

"తల ఊపడం దాని పుట్టుక. దాన్నేమీ అనకండి" అంది తాబేలు. "ఒకే తొర్రలో పడుకుంటూ, ఒకరి మనసు ఒకరిని అడగకుండా తొండను అడిగారు చూడండి, అదే తప్పు!"

సింగారి సిగ్గుపడింది. "తాతా, ఈ జొన్నలు నీ దగ్గరుంచు. ఏమయ్యా, పద. ఇద్దరం కలిసే వెతుకుదాం."

"ఉన్న తొర్ర పోతుందే!"

"పోనీ!"

పోయింది. మధ్యాహ్నానికి అందులో చిలకలు దిగాయి. సాయంత్రానికి మబ్బు పట్టింది. తల దాచుకునే చోటు లేదు. అయినా జంటగా ఎగిరారు, చెట్టు చెట్టూ చూశారు. చివరికి కొండ వాలులో, ఇప్పచెట్టు మీద, ఒక ముసలి ఉడుత తొర్ర అమ్ముతోందని తెలిసింది. ఇద్దరూ కలిసి లోపలికి దూరారు.

"గుమ్మం ఇరుకు" అన్నాడు బూచెన్న.

"నేల గరుకు" అంది సింగారి.

"చీమలున్నాయి."

"అమ్మేదాన్ని ఇక్కడే ఉన్నాను, నా మొహం మీదే తిడతారేం?" అంది ఉడుత.

సింగారి కిలకిలా నవ్వింది. "గరుకుకు గడ్డి పరుస్తాను. చీమలంటావా, అవి మనకు ఫలహారం! ఉడుతత్తా, నీ పళ్లతో ఆ గుమ్మం కాస్త కొరికి వెడల్పు చేసిస్తావా?"

"చేసిస్తానే తల్లీ."

"లోతెంత?" అని బూచెన్న భార్యను అడిగాడు.

"సరిపడా. చెమ్మ?"

"చుక్క లేదు. నీకు నచ్చిందా?"

"నచ్చింది. నీకు?"

"నాకూ నచ్చింది."

వాన మొదలయ్యేలోగా తాబేలు ముందు బేరం కుదిరింది. ఆ వారంలోనే సింగారి తన సొంత తొర్రలో నీలిరంగు గుడ్లు పెట్టింది. పొద్దుగూకాక కూడా బూచెన్న గొంతెత్తి పాడాడు. వద్దనేవాళ్లు ఎవరూ రాలేదు.

కలిసి ఇల్లు కొనేవాళ్లు తమకు నచ్చనిదేమిటో ఒకరికొకరు నోరు తెరిచి చెప్పుకోవాలి. అలా చెప్పుకున్నవాళ్ల ఇంట్లోనే సుఖం నిలుస్తుంది.