సన్మానపు శాలువా

ఎంత చిన్న ప్రశ్న అడిగినా కూర్చుని జవాబు చెప్పడం నరసమ్మగారికి అలవాటు లేదు. అడిగినవాళ్ళను మ్యాట్ మీదికి రమ్మంటారు. విజయనగరంలో ఆవిడ దగ్గర కుస్తీ పట్లు నేర్చుకున్న ఆడపిల్లలంతా ఆ సంగతి ఒళ్ళు నొప్పుల సాక్షిగా ఎరిగినవాళ్ళే.

పైడితల్లికి అది అందరికన్నా బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఆమెకు మరో దారి లేకపోయింది. గుద్దులూ కుస్తీ పట్లూ కలగలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఆరేళ్ళు ఛాంపియన్‌గా ఉండి, కిందటి నెలలో బెల్టు పోగొట్టుకుంది. గెలిచిన అమ్మాయితో మళ్ళీ తలపడతానంటే, పోటీలు నడిపే పెద్దమనుషులు ఆ మాట చెవిని పెట్టలేదు. ముప్పై రెండేళ్ళు వచ్చాయి కదా, మర్యాదగా రిటైరవమన్నారు. మర్నాటికి సన్మాన సభ కూడా ఏర్పాటు చేసేశారు. బతికున్న మనిషి ఫొటోకు దండ వేసే ఆ తొందర చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. వేదిక ఎక్కనంటే పొగరుబోతంటారు. ఎక్కితే ఇక జన్మలో పోటీ జరిగే ఆ ఇనప వలల కేజ్‌లో అడుగు పెట్టేది లేదు.

"పెద్దమ్మా, రేపు ఆ శాలువా కప్పించుకోమంతావా, వద్దంతావా?" అని అడిగింది.

నరసమ్మగారు పెట్టె తెరిచి జరీ మాసిన శాలువా ఒకటి తీశారు. పాతికేళ్ళ కిందట సన్మానం పేరుతో ఆవిడ చేత కుస్తీ మాన్పించినప్పుడు కప్పినది. దాన్ని పైడితల్లి భుజాల నిండా కప్పి, చేతులు జోడించి నిలబడమన్నారు. శాలువా జారకూడదని షరతు పెట్టారు. కనకం అనే కొత్త పిల్లను పిలిచి, కొట్టమన్నారు. మిగతా పిల్లలను చప్పట్లు కొట్టమన్నారు.

కనకం జంకుతూనే గుద్దింది. చెయ్యెత్తితే శాలువా జారుతుంది కనుక పైడితల్లి ఆ దెబ్బ తినేసింది. చప్పట్లు మోగాయి. రెండో గుద్దుకు పెదవి చిట్లింది. ఈసారి చప్పట్లు ఇంకా జోరుగా మోగాయి. పిల్లలకు సరదాగానే ఉంది మరి. పెద్ద పోటీల్లో ముక్కు బద్దలైనప్పుడు కూడా రాని ఏడుపు ఆమెకు ఇప్పుడు ముంచుకొచ్చింది. కనకం మూడోసారి పిడికిలి ఎత్తేసరికి శాలువా ఎగిరి గోడ దగ్గర పడింది. పైడితల్లి వంగి, ఆ పిల్ల కాళ్ళు రెండూ దొరకబుచ్చుకుని కింద పడేసి, చెయ్యి మెలిపెట్టింది. ఇక వదిలెయ్యమని కనకం మ్యాట్ మీద గబగబా తట్టింది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. పైడితల్లి కనకాన్ని లేవదీసి, పెదవి తుడుచుకుని, రొప్పుతూ నరసమ్మగారి వైపు తిరిగింది.

"షరతు తప్పీసేను పెద్దమ్మా. రేపు నేనెల్లను. ఏటనుకుంతారో అనుకోనీ."

నరసమ్మగారు శాలువా తీసి దులిపారు. మడత పెట్టబోయి ఆగారు.

"నాకైతే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టేరే," అన్నారు. "అలా కొడతానే ఉన్నారు, నేను గుమ్మం దాటీదాకా."