పేరడిగిన సైరన్

ఏటి మధ్యలో రెండు క్రోసుల పొడవున రెల్లు పెరిగిన లంక ఒకటుంది. అందులో నలభై కుందేళ్ల కాపురాలు. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తితే గంటలో లంకంతా మునిగిపోతుంది, మధ్యలో ఉన్న ఇసుక దిబ్బ ఒక్కటే తేలుతుంది. అయినా కబురు రూఢి కానిదే ఏ కుందేలూ పిల్లల్ని ఈడ్చుకుంటూ ఒడ్డుకు దాటదు. ఆనకట్ట మీది కొంగ ఇదివరకు రెండుసార్లు ఊరికే అరిచింది మరి.

అందుకని కబురు చేర్చే పని గిజిగాడి మీద పెట్టారు. గూడు అల్లేవాడు ఏదైనా అల్లగలడని లంకలో నమ్మకం. కట్టిన రెండు గూళ్లనీ పెళ్లాం కాదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, అతని మొహం ముందు.

అతను జావాస్క్రిప్ట్‌లో ఒక పేజీ రాశాడు. గేట్లు లేవడం కళ్లారా చూశాకే కొంగ మీట నొక్కాలి, నొక్కగానే ఆ పేజీ తెరిచి ఉన్న ప్రతి ఫోనూ మోగాలి. చిక్కల్లా బ్రౌజర్లతోనే. ఒక దానికి వచ్చిన పని ఇంకో దానికి రాదు. నలభై ఫోన్లలో మోగించి చూడాలంటే నలభై బొరియలు తిరగాలి. గిజిగాడు తన రెక్కల వంక చూసుకుని నిట్టూరుస్తుంటే నక్క వచ్చింది.

నక్కకు పట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వెనక, చెత్తకుండీ పక్కన, నాలుగేళ్ల అనుభవం. కుందేళ్లకు ఫోన్లు ఉచితంగా పంచిపెట్టింది కూడా అదే. నక్క దానం చేసిందంటే ఒక పూటైనా ఆలోచించాలి. ఆ పూట లంకలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

“తిరగడమెందుకు అల్లుడూ? బ్రౌజరును పేరడుగు. జాబిల్లి అని చెబితే కొత్త సైరన్ మోగించు. ఇంకో పేరు చెబితే పాత గంట కొట్టించు. అంతే.”

“మరి కుందేళ్ల ఫోన్లలో ఏముంది మామా?”

“అన్నీ జాబిల్లే. నేనిచ్చినవే కదా.”

గిజిగాడు అలాగే రాశాడు. తన ఫోన్‌లో ఉన్నది జాబిల్లే కాబట్టి బ్రహ్మాండంగా మోగింది. ఇక లంకంతా మోగినట్టే అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున, ఎగువన కుండపోత, మధ్యాహ్నానికి గేట్లు ఎత్తవచ్చని కొంగ కబురంపింది. గిజిగాడు ధీమాగా మూడో గూటికి రెల్లు పోచలు ఏరుకుందామని లంకలో దిగాడు. కుందేళ్ల పెద్ద రత్తమ్మ తన బొరియ గుమ్మంలో ఎదురైంది.

“ఇదైనా నిలుస్తుందా నాయనా?”

“మీ కోడలు ప్రతి పోచా లాగి చూస్తుంది పిన్నీ. ఒకటి ఊడినా కాపురానికి రానంటుంది.”

“మంచి పిల్ల. మరి నీ సైరన్ ఎవరు లాగి చూశారు?”

గిజిగాడు నవ్వాడు. నవ్వుతూనే ఆమె ఫోన్ తీసుకుని పరీక్ష మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. లేదు.

“పిన్నీ, ఇందులో ఉన్నది జాబిల్లేనా?”

“కాదు, మిణుగురు. అందరి ఫోన్లలోనూ అదే, బాగా పాతది. నిజం పేరు చెబితే పేజీలు గుమ్మం ఎక్కనివ్వవట, అందుకని ఎవరడిగినా జాబిల్లి అంటుంది. ఫోన్లు ఇచ్చేటప్పుడు నక్కే చెప్పింది.”

జాబిల్లి అన్న పేరు నమ్మి, పాత మిణుగురుకు రాని కొత్త సైరన్‌ను మోగించమంటున్నాడు గిజిగాడు. దిబ్బ వైపు చూశాడు. నక్క అప్పటికే అక్కడ తోక పరుచుకుని కూర్చుని ఉంది. సైరన్ మోగక, నీళ్లు చుట్టుముట్టాక, కుందేళ్లు ఎక్కవలసింది ఆ దిబ్బే.

రత్తమ్మ పరుగెత్తినా రెండు బొరియలకు చెప్పగలదేమో. చెప్పినా కొంగ సంగతి గుర్తుచేసుకుని నవ్వుతారు. గిజిగాడు బొరియ గుమ్మంలోనే తన ఫోన్ తెరిచి, పేజీలో పేరడిగే వరుసను చెరిపేశాడు. దాని బదులు, కొత్త సైరన్ మోగించడం నీకు వచ్చా అని బ్రౌజరునే అడిగేలా రాశాడు. రాకపోతే పాత గంట. పోచను పేరడిగి గూడు కట్టినవాడెవడు, లాగి చూడాలి గాని.

రత్తమ్మ ఫోన్‌లో నొక్కాడు. మళ్లీ మౌనం.

కొంగ నుంచి కబురు వచ్చింది: గేట్ల దగ్గరికి మనుషులు నడుస్తున్నారు.

పేజీని పై నుంచి ఒక్కో వరుసా ముక్కుతో లాగినట్టు చూసుకుంటూ వచ్చాడు. పేరు నమ్మి రాసిన వరుస ఇంకొకటి పైన మిగిలి ఉంది. మిణుగురు అక్కడే తెల్లబోయి ఆగిపోతోంది, కింది వరుసల దాకా రావడమే లేదు. దాన్నీ మార్చి నొక్కాడు.

గంట మోగింది. రత్తమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నిమిషానికోసారి ప్రతి ఫోనూ పేజీని తనంతట తానే కొత్తగా తెచ్చుకునేలా మొదట్లోనే రాసిపెట్టడం అతని పూర్వజన్మ సుకృతం. ఆ నిమిషం గడిచిందో లేదో కొంగ మీట నొక్కింది. రెల్లులో ఒక గంట, పది గంటలు, నలభై గంటలు. కుందేళ్లు పిల్లల్ని కరుచుకుని రేవు దాటాయి. చివరి తోక ఒడ్డెక్కేసరికి ఎర్రనీళ్లు రేవులో సుడి తిరుగుతున్నాయి.

దిబ్బ మీద నక్క ఫోన్‌లో ఉన్నది అసలైన జాబిల్లి. దాని కొత్త సైరన్ మోతకు రెల్లులోని గంటలు నక్కకు వినిపించలేదు. మూతి నాకుకుంటూ కూర్చుంది. నీళ్లు నాలుగు వైపులా చేరాయి. కుందేలు జాడ లేదు. సాయంత్రానికి గిజిగాడికి ఫోన్ చేసింది.

“అల్లుడూ, కుందేళ్లకు కూడా మోగిందా?”

“మోగింది మామా.”

“మరి నే చెప్పినట్టు పేరడగలేదూ?”

“అడిగాను. ఆ తర్వాత లాగి చూశాను.”

“నేనిక్కడ దిబ్బ మీదున్నాను. దిగే దారేదైనా చూడు.”

“నీళ్లు తగ్గాక చెప్పే పేజీ రాస్తున్నా మామా. కాకపోతే ఈసారి నలభై ఫోన్లలోనూ చూసుకోవాలి కదా, మూడు రోజులు పడుతుంది.”

ఆ మూడు రోజులూ నక్క ఎండ్రకాయలతో కాలక్షేపం చేసింది. ఎవరు ఎవరిని కరిచారో దాని మూతి చూసినవాళ్లకు అడగవలసిన పని లేకపోయింది.

పేరు చెప్పినవాణ్ణి కాదు, పని చేసి చూపినవాణ్ణి నమ్ము.