విమానం కాలికి మోకు

తెలివే గనక సంతలో అమ్మితే ఊరంతా తమ గడప ముందే బారులు తీరుతుందని పోలమ్మకూ, ఆవిడ కొడుకులు ఎర్రయ్య, పైడయ్యలకూ గట్టి నమ్మకం. ఆ గడప ఉన్న తాటాకిల్లు మాత్రం పాత విమానాల మైదానం అంచున, సర్కారు జాగాలో ఉంది.

ఓ సోమవారం ఆ మైదానంలో ముసలి విమానం ఒకటి దిగింది. ఒకప్పుడు యుద్ధానికి సిపాయిల్ని మోసిందట, తరవాత టిక్కెట్టు కొన్న జనాన్ని మోసిందట. దాంతో వచ్చిన ఆఫీసరు ఈ ముగ్గుర్నీ కాపలా పెట్టాడు. గురువారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. అందాకా జాగ్రత్తగా చూసుకుంటే ఇల్లు ఆ జాగాలోనే ఉండనిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ వేలు చూపించి ఒక్క మాటన్నాడు.

"విమానం పోయిందో, మీ ఇల్లూ పోయినట్టే."

ఇంకేముంది, ముగ్గురూ దాని రెక్కలకేసి చూశారు. రెక్కలున్నది, పోవడానికెంతసేపు? కోళ్ళు పెంచిన చెయ్యి కాబట్టి ఉపాయం పోలమ్మకే తట్టింది. కొత్త కోడిని తెస్తే ఏం చేస్తాం? కాలికి తాడేసి మూడు రోజులు ఇంటి కప్పు మోసే నిట్రాటకు కట్టేస్తాం. ఇల్లు మరిగిందా, విప్పేసినా పొద్దుగూకేసరికి తనే వస్తుంది. అంతే, విమానం వెనక చక్రానికి లావుపాటి మోకు వేసి, ఇంటి నడుమ నిట్రాటకు బిగించేశారు.

మర్నాడు అది మేత ముట్టలేదని బెంగ. ముందు గుప్పెడు నూకలు చల్లారు, తరవాత బస్తాడు. తిన్నవి ఊళ్ళో కాకులు. వాటిని తోలడానికి పైడయ్య రెక్కమీద కూర్చుని సాయంత్రందాకా అరిచాడు. ఆ మూడు ప్రాణాలకూ పాపం ఆ పూట గంజే గతి.

బుధవారం మబ్బు పట్టింది. తడిస్తే తెగులొస్తుంది, గంప కింద మూయాలి. అంత గంపకు ఆకెక్కడిది? ఇంటి కప్పు పీకారు. చచ్చీచెడీ అల్లితే విమానం ముక్కుకు సరిపోయింది. ఆ సాయంత్రం కురిసిన వానంతా ఇంట్లోనే పడింది. ముగ్గురూ నిలువునా తడుస్తూ, ముక్కు తడవలేదు గదా అని మురిసిపోయారు.

గురువారం ఆఫీసరు పైలట్‌ని వెంటబెట్టుకొచ్చాడు. గంప తీయించి చూస్తే విమానం ఉన్నదున్నట్టే ఉంది. సంతోషించి, ఇక ఇల్లు మీదేనన్నాడు. ఇప్పుడు మాత్రం దేనిమీదా చెయ్యి వెయ్యకుండా దూరంగా నిలబడమన్నాడు. మోకు మోకాలెత్తు గడ్డిలో ఉంది, ఆయనకేం కనబడుతుంది! ఎర్రయ్యకు విప్పుదామనిపించింది గానీ, పెద్దాయన చెయ్యి వెయ్యొద్దన్నాక వేస్తాడా?

పైలట్ ఎక్కాడు. విమానం ఊగింది, ఉరికింది, లేచింది. గోడలు కూలాయి. నిట్రాట ఊడి, ఉట్టితో సహా, ఉట్టిలో చల్లకుండతో సహా ఆకాశానికెళ్ళింది. ఆఫీసరు నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

పోలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఆయనకు దండం పెట్టింది. విమానం పోతే ఇల్లూ పోతుందన్నారు, అలాగే పోయింది, పెద్దల మాట పొల్లుపోదు బాబూ అంది. ఎర్రయ్య తల్లిని ఓదార్చాడు. మూడు రోజులూ కట్టేసి ఉంచాం, చీకటి పడేసరికి ఇంటికొచ్చేస్తుందిలే అన్నాడు.

పైడయ్య బుర్ర గోక్కున్నాడు. "అన్నా, ఇల్లు దాని దగ్గరే ఉంది గదా. ఇక్కడికెందుకొస్తుంది?"

నిజమే సుమా అనుకుంది పోలమ్మ. అంత ఏడుపులోనూ చిన్నకొడుకు తెలివికి మెటికలు విరిచింది. అంతే, ముగ్గురూ గంప నెత్తికెత్తుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలని, విమానం పోయిన దిక్కుకి గబగబా నడక సాగించారు.