అసిరమ్మ మునక

గెడ్డా గెడ్డా ఎక్కడికే
ఎగువ మడికీ దిగువ మడికీ
చిప్పా చిప్పా మునిగావా
మునిగేనమ్మా మూడు మునకలు
మొదటి మునక మొక్కకీ
రెండో మునక...

రెండో మునక దేనికో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. మూడోది మాత్రం "మూడో మునక మంచానికీ" అని ఉంటుంది. ఆ మాట రాగానే ఆడపిల్లలందరం చేతుల్లో కొబ్బరి చిప్పలు బోర్లించి, ఉన్నచోటే చతికిలబడేవాళ్ళం. ఆఖరున కూర్చున్నది ఓడినట్టు. మొక్కకి నీళ్ళంటే సరే, మంచానికి నీళ్ళేమిటి అని అప్పుడు అడగాలని తోచలేదు. తెలిశాక కథ అయింది. ఆ కథే ఇది.

అనగా అనగా, కొండలకి మనుషులంటే ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఊటగెడ్డ అని ఒక ఊరుండేది. గెడ్డ అంటే మీకు తెలుసుగా, కొండ మీంచి దిగే చిన్న ఏరు. ఆ గెడ్డ నీళ్ళకి ఒక గుణం ఉంది. అవి తాగినవాళ్ళ దగ్గరికి రావడానికి చావుకి తొందరగా దారి దొరకదు. తాతలు బతికారు, తాతల తండ్రులు బతికారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, "ఆహా, ఎంత అదృష్టం" అనుకున్నారు.

అదృష్టమే. కానీ బతకడం వేరు, లేచి నడవడం వేరు కదా. ఊటగెడ్డలో ఇంటికో మంచం పడింది. తర్వాత ఇంటికి రెండు పడ్డాయి. ఆ తర్వాత మూడు. మంచం మీదివాళ్ళని లేపాలి, కూర్చోబెట్టాలి, కడగాలి, తినిపించాలి, వాళ్ళు చెప్పిందే చెబుతుంటే ఊఁ కొట్టాలి. ఇదంతా ఎవరు చెయ్యాలి? కోడలు చెయ్యాలి. కోడలికి అలుపు వస్తే? ఆ మాట ఎవరూ అడగలేదు.

కొన్నాళ్ళకి పక్క ఊళ్ళవాళ్ళు ఊటగెడ్డకి పిల్లనివ్వడం మానేశారు. "అక్కడికిస్తే మొగుడికి ఇచ్చినట్టు కాదర్రా, మంచాలకి ఇచ్చినట్టు" అనేవారు. పెళ్ళిళ్ళు తగ్గాయి. ఉయ్యాలలు తగ్గాయి. మంచాలు మాత్రం తగ్గలేదు.

ఆ ఊళ్ళోనే అసిరమ్మ ఉండేది. పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడేది కాదు. ఆమె మొగుడు తవిటయ్య. ఆమె ఇంట్లో మూడు మంచాలు. ఒక మంచం మీద మామ, తిండి దగ్గర పేచీ పెట్టేవాడు. ఒక మంచం మీద అత్త, పుట్టింటికి పోతానని మూట కట్టుకునేది. ఒక మంచం మీద తవిటయ్య మేనత్త, కళ్ళు కనబడవు, చెవులు మాత్రం పాము చెవులు.

అసిరమ్మకి ఇంకో పని కూడా ఉండేది. అది మామ పని. ఆయన మంచం పట్టాక ఆమెకొచ్చింది. చిప్ప చూసే పని.

ఊటగెడ్డలో పొలాలకి నీళ్ళు వంతుల మీద పారేవి. కాలువ మొదట్లో ఒక మట్టి తొట్టె నిండా నీళ్ళు పోసి, అడుగున సూది బెజ్జమున్న కొబ్బరి చిప్పని అందులో వదిలేవారు. చిప్పలోకి బొట్టు బొట్టుగా నీళ్ళు ఎక్కి, నిండి, బుడుంగుమని మునిగేది. పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు. అది ఒక మునక. మునగగానే అసిరమ్మ "మునిగింది" అని కేకేసేది. ఒక పొలానికి కాలువ గండిని మట్టితో పూడ్చి మడవ కట్టి, ఇంకో పొలానికి విప్పేవారు. నాయుడికైనా అదే చిప్ప, నాలుగు మడులవాడికైనా అదే చిప్ప. ఆ కేక మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు.

ఇలా ఉండగా, గాజులమ్మే ఆయన ఊళ్ళోకి వచ్చి అసిరమ్మకి కబురు చెప్పాడు. "మీ అమ్మ గుమ్మం దాటతా జారిపడిందమ్మా."

అసిరమ్మ పుట్టిల్లు రెండు కొండల అవతల. తల్లికి ఆమె ఒక్కతే. అసిరమ్మ మొగుణ్ణి అడిగింది. "ఏటయ్యా, నాను మాయమ్మని సూసొస్తాను."

తవిటయ్య మంచివాడే. "ఎల్లు, ఎవులొద్దన్నారు?" అన్నాడు. కాసేపాగి, "మరి మంచాలో?" అన్నాడు.

అసిరమ్మ వెళ్ళలేదు.

వారం తిరక్కుండా గాజులాయన మళ్ళీ వచ్చాడు. "మీ అమ్మ మంచం మీంచి లెగడం లేదమ్మా."

అసిరమ్మ తోడికోడలిని అడిగింది. ఆమె ఇంట్లోనూ మూడు మంచాలే, మామ ముందు తరం వాళ్ళవి. ఆమె అసిరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎల్లప్పా, ఎవులొద్దన్నారు? మరి మంచాలో?" అంది. ఆమె కళ్ళ కింద నలుపు చూసి, అసిరమ్మ ఇంకేం అడగలేదు.

మూడోసారి గాజులాయన వచ్చినప్పుడు సంచి కూడా దించలేదు. "నీ పేరు పెట్టి పిలస్తందమ్మా. మంచం గుమ్మానికి ఎదురుగా ఏయించుకుంది."

అసిరమ్మ ఊరిపెద్ద సన్నాసినాయుడి దగ్గరికి వెళ్ళింది. నాయుడు కాలువ గట్టున వేపపుల్ల నములుతున్నాడు. సంగతంతా విన్నాడు. జాలిపడ్డాడు కూడా. "ఎల్లమ్మా, ఎవులొద్దన్నారు? మరి మంచాలో?" అన్నాడు.

ముగ్గురూ ఒకే మాట. ముగ్గురూ మంచివాళ్ళే. అసిరమ్మకి అదే వింతగా తోచింది.

ఆ రోజు నీళ్ళ రోజు. రైతులంతా పారలు పట్టుకుని గట్టు మీద ఉన్నారు. అసిరమ్మ తొట్టె దగ్గర కూర్చుని, చిప్ప చేతిలో పట్టుకుని, "నాయుడు బావూ, ఒక మాట" అంది.

"అడుగమ్మా."

"మొన్నేడు సూరయ్యకి జొరమొస్తే ఆయన మడికి నీళ్ళెవులు కట్టారు?"

"మేవే కట్టాం."

"ఎందుకు?"

"ఎందుకేటి? గెడ్డ అందరిదీ కదా."

"గెడ్డ అందరిదైతే, గెడ్డ నీళ్ళు తాగి ఇన్నేళ్ళు బతికినోళ్ళు ఎవులోళ్ళు బావూ? మడికి వంతుంది. మంచానికి ఎందుకు లేదు?"

గట్టు మీద ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. "మంచానికి మడవ కడతాదట్రా" అన్నాడొకడు.

అసిరమ్మ నవ్వులు తగ్గేదాకా ఆగింది. "ఇయాల మా ఇంటికి మూడు మునకలొస్తాయి. ఎవులన్నా మా మంచాల కాడ మూడు రోజులు కూకుంటే, ఆ మూడు మునకలూ ఆళ్ళవి" అంది.

తవిటయ్య గతుక్కుమన్నాడు. "ఒలె, నా నీళ్ళు ఎవులికో ఇచ్చేస్తావేటి?"

"నీ అమ్మ మంచం, నీ అయ్య మంచం, నీ మేనత్త మంచం. అయి నావంట. నీళ్ళు మాత్రం నీవా?"

తవిటయ్య తల దించుకున్నాడు. మగాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. మంచం దగ్గర మగాడు కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. అప్పుడు వెనకనుంచి గురువులు ముందుకొచ్చాడు. తల నెరుస్తున్నా పెళ్ళికాని మనిషి. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఊటగెడ్డ పేరు చెప్పగానే పిల్లని ఇవ్వం అనేవారు.

"నాను కూకుంటానప్పా. నా మడి ఎలాగూ ఎండతంది. నువ్వెల్లు" అన్నాడు.

"పెళ్ళాం రాకుండానే కోడలైపోయాడ్రా" అన్నారు గట్టు మీద. గురువులు పట్టించుకోలేదు.

అసిరమ్మ ఆ రోజు మునకలన్నీ కేకేసి, చిప్ప తొట్టెలో వదిలేసి, నడిచింది. ఒక కొండ ఎక్కి దిగింది. ఇంకో కొండ ఎక్కి దిగింది. మర్నాడు పొద్దెక్కేసరికి పుట్టింటి వాకిట్లోకి వచ్చింది. వాకిలి తడిగా ఉంది. పక్కింటావిడ కడుగుతోంది. మంచం గుమ్మానికి ఎదురుగానే ఉంది. దాని మీద ఎవరూ లేరు.

"తెల్లారగట్ల తీసుకుపోయారమ్మా. నిన్న పొద్దుగూకేదాకా ఇటే సూసింది" అందావిడ.

అసిరమ్మ ఏడవలేదు. ఆ మంచం మీద తల్లి తల పెట్టుకునే చోట కాసేపు కూర్చుంది. అక్కణ్ణించి చూస్తే ఏం కనబడుతుందో చూసింది. కొండ దారి కనబడింది.

మూడో రోజు ఊటగెడ్డకి తిరిగొచ్చేసరికి తన వాకిట్లో జనం. తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. లోపల మూడు మంచాలూ వరసగా వేసి ఉన్నాయి. మధ్యలో మట్టి తొట్టె, తొట్టెలో చిప్ప. గురువులు చేతిలో గంజి గిన్నె.

గురువులికి ముసలివాళ్ళని చూడ్డం తెలీదు. నీళ్ళు కట్టడం తెలుసు. అందుకని కాలువ దగ్గరి తొట్టె మోసుకొచ్చి, మంచానికో మునక లెక్కన వంతులు పెట్టాడు. చిప్ప మునిగితే చాలు, నోట్లో ముద్ద ఉన్నా సరే, పక్క మంచానికి పోయేవాడు.

"ఒరే, నా ముద్ద మింగనీరా" అన్నాడు మామ.

"మునిగిపోయింది మావా. నీ మడవ కట్టీసినాం. ఇప్పుడు అత్త వంతు."

వాకిట్లో జనం ఘొల్లుమన్నారు. మామ కూడా నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నేళ్ళయిందో. పేచీ పెడితే వంతు అయిపోతుందని గబగబా తింటున్నాడు. అత్త తన వంతు ఎప్పుడొస్తుందా అని చిప్ప చూస్తూ, మూట సంగతి మరిచిపోయింది. ఇక మేనత్త. చిప్ప మునిగే చప్పుడు అందరికంటే ముందు ఆమెకే వినబడేది. "మునిగింది" అని ఆమే కేకేసేది. గుడ్డిదాన్ని ఎవరూ ఏ పనీ అడగని ఇంట్లో, ఆమెకో పని దొరికింది.

జనం వెనక నాయుడి పెళ్ళాం గవరమ్మ నిలబడి ఉంది. ఊరంతా ఆమెని నాయురాలు అనేవారు. అత్తగారిని ముప్ఫై ఏళ్ళుగా ఎత్తి దించుతూ నడుం వంగిపోయిన మనిషి. గురువుల్ని చూసింది. గంజి గిన్నె చూసింది. వెళ్ళిపోయింది.

మళ్ళీ నీళ్ళ రోజు వచ్చింది. అసిరమ్మ తొట్టె దగ్గర కూర్చుంది. చిప్ప ఒళ్ళో పెట్టుకుంది.

"ఎయ్యమ్మా, పొద్దెక్కతంది" అన్నాడు నాయుడు.

"ఎయ్యను బావూ."

"ఏటీ?"

"నాను ఒక్క పొద్దు ఆలీసంగా ఎల్లాను. మాయమ్మ దాటిపోయింది. అది అయిపోయింది. ఎవులి మీదా కోపం లేదు. కానీ ఈ ఊళ్ళో పదకొండు మంది కోడళ్ళకి అమ్మలున్నారు. మంచాలకి వంతు సెప్పండి. మడులకి వంతు నాను సెప్తాను."

చిప్ప లేకపోతే వంతు లేదు. వంతు లేకపోతే పారలు లేస్తాయి. అందరికీ తెలుసు. అసిరమ్మ చేతిలోంచి లాక్కుందామని ఒకడు ముందుకొచ్చాడు. అప్పుడు గవరమ్మ గట్టు దిగి వచ్చి, అసిరమ్మ పక్కన కూర్చుంది. నడుం మీద చెయ్యేసుకుని, మెల్లగా కూర్చుంది. ఆమె వెనక తోడికోడలు వచ్చి కూర్చుంది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ.

నాయుడు పెళ్ళాం వైపు చూశాడు. "నువ్వు కూడానేటే?"

"మీయమ్మని ఒక్కసారి ఎత్తి సూడు. ఆ తరవాత నన్నడుగు" అంది గవరమ్మ.

ఎండ మడుల్లోకి వచ్చింది. నారు తల వాల్చింది. నాయుడు వాలిన నారు వైపు చూశాడు. తర్వాత తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. "మొదటి మంచం వంతు నాది. ఏ ఇంటికి ఎల్లాలో సెప్పు" అన్నాడు.

అసిరమ్మ అప్పుడు చిప్ప నీళ్ళలో వదిలింది.

ఆ రోజు కట్టిన కట్టుబాటు ఇది. గెడ్డ నీళ్ళు వాడుకున్న ప్రతి ఇల్లూ మంచం వంతు పట్టాలి. ఆడైనా మగైనా పట్టాలి. తన ఇంటి మంచం కాదు, పక్క ఇంటిది. పుట్టింటికి వెళ్ళాల్సిన కోడలు ఉంటే ఆ ఇంటికి ముందు వంతు. మొదట్లో మగాళ్ళు గంజి ఒలకబోశారు, చీరలు తిరగేసి కట్టారు. ముసలమ్మలు తిట్టి తిట్టి నేర్పారు. చూస్తుండగా పక్క ఊళ్ళు పిల్లనివ్వడం మొదలుపెట్టాయి. మొదటి పెళ్ళి గురువులిదే. పిల్లది అసిరమ్మ పుట్టిన ఊరే. ముసలాళ్ళకి ముద్ద పెట్టడం తెలిసినవాడని వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు.

అసిరమ్మ కూడా ఆ నీళ్ళే తాగింది కదా. చాలా ఏళ్ళు బతికింది. ఆమె కొడుకు పెళ్ళాం పేరు పైడి. ఈ సంగతులన్నీ పైడికి అసిరమ్మే కొంచెం కొంచెంగా చెప్పింది. ఆఖరికి అసిరమ్మ మంచం పట్టింది. ఒకరోజు పొద్దున్నే గాజులాయన కొడుకు వచ్చి, పైడితో గుసగుసగా ఏదో చెప్పి వెళ్ళాడు. పైడి ఏమీ జరగనట్టు వచ్చి గంజి కలుపుతోంది. పైడి తల్లి కూడా పడిపోయిందని ఆమె ముఖం చూసే అసిరమ్మ పోల్చుకుంది.

పైడి ఆ పూటే బయల్దేరింది. తల్లి దగ్గర తొమ్మిది రోజులుంది. తల్లి ఆమె చేతి ముద్ద తిని, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని వెళ్ళిపోయింది. పైడి తిరిగొచ్చేసరికి అసిరమ్మ మంచం కూడా ఖాళీ అయింది.

ఇప్పటికీ ఊటగెడ్డలో నీళ్ళ రోజున మూడో మునక ఏ పొలానికీ కట్టరు. దాన్ని అసిరమ్మ మునక అంటారు. ఆ చిప్ప నిండేదాకా మగాళ్ళు పారలు కింద పెట్టి, ఎవరో ఒక ముసలివాళ్ళ పక్కన కూర్చుంటారు. కొత్త కోడలు గడప దాటగానే చేతిలో బెజ్జం చిప్ప పెడతారు. పుట్టింటికి వెళ్తానని ఏ కోడలైనా అంటే, మంచాల మాట ఎవరూ ఎత్తరు. "చిప్ప మునిగింది, ఎల్లిరా" అంటారు.

పైడి ముసలిదయ్యాక కూడా ఆ పొద్దుటి సంగతి చెప్పేది. మూట చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగిందట. "మరి నీ మంచవో, అత్తా?" అని అడిగిందట.

అసిరమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "ఇయాల వంతు నాయుడి మనవడిది. ఆడు గంజిలో ఉప్పెక్కువేస్తాడు, సెప్పి మరీ ఎల్లు. బేగి నడు. మీయమ్మ గుమ్మం కేసే సూస్తుంటాది."