ఓబులేసు రాసిన బాల్కన్

ఆ పొద్దు ఓబులేసు కాళ్లు నేలమీద ఆనడం లేదు. రాయలసీమ పల్లెనుంచి బందరు వచ్చి, చిదంబరం మాస్టారి దగ్గర ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పనిలో చేరిన శిష్యుడు వాడు. ఇన్నాళ్లకి మాస్టారు ఒక ఇంగ్లీషు మాట ఇచ్చి, దాని అర్థం సొంతంగా రాయమన్నారు. బాగుంటే పనిలో ఉంటాడు. లేకపోతే అనంతపురం బస్సు ఎక్కాల్సిందే.

ఆ మాట బాల్కన్. ఐరోపాలో ఒక కొండ ప్రాంతం పేరు. కానీ వాడు తిరగేసిన ఇంగ్లీషు పత్రికలన్నిట్లో ఒకటే పాట. ఏ దేశమో, ఏ పార్టీయో చీలికలు పేలికలై కొట్టుకుంటే చాలు, బాల్కన్ అయిపోయిందంటారు. ఇంకేం, మావాడు తడుముకోకుండా కార్డు మీద రాసేశాడు.

"బాల్కన్: ముక్కలుగా చీలి ఒకరినొకరు నరుక్కునే చోటు."

భోజనాల వేళకి ఆ కార్డు, దానితో పాటు ఒక పొట్లం మాస్టారి ముందు పెట్టాడు.

"మాయమ్మ పంపిచ్చింది సార్, మీకని."

ఆవిడ పంపే చెనక్కాయల పొడంటే మాస్టారికి ప్రాణం. పొట్లం కనబడితే డాక్టరు చెప్పిన పథ్యం గాలికి పోయేది. అలాంటి మనిషి కార్డు చదివి, పొట్లాన్ని వేలితో మెల్లగా అవతలికి నెట్టారు.

"విప్పాలంటే భయంగా ఉందోయ్. సీమవాళ్ల మూట కదా, ఏ నాటుబాంబో ఉంటుంది."

ఓబులేసు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాలేజీ హాస్టల్లో వాడి ట్రంకుపెట్టె చూసిన ప్రతివాడూ ఇదే మాట అన్నాడు. వాడూ వాళ్లతోపాటు నవ్వి, తర్వాత ఒక్కడే కూర్చుని ఏడ్చేవాడు. చివరికి ఏ ఊరని అడిగితే బెంగళూరు దగ్గర అని చెప్పడం నేర్చుకున్నాడు. ఈ సంగతి మాస్టారికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఊరి పేరు దాచకుండా బతికిన చోటు ఈ ఇల్లొక్కటే.

"మీరు గూడా అంటారా సార్?"

"నేననడం ఏవిటి? సినిమాల్లో అంటున్నారు, పేపర్లో అంటున్నారు. వాడుకే కదా."

"కొట్లాటలు లేవని నేను అనను సార్. ఉండాయి. అయితే మాయమ్మ గూడా ఉంది కదా ఆడ. పొద్దన్నే లేచి, కట్టెలపొయ్యి మింద చెనక్కాయలు ఏంచి, రోట్లో దంచి..."



మాస్టారు కార్డు తీసి పొట్లం పక్కన పెట్టారు. అంతే.

ఓబులేసు పొట్లం వంక చూశాడు. కార్డు వంక చూశాడు. వీధిలో కొబ్బరిబోండాల బండివాడు కేకేసుకుంటూ వెళ్లిపోయాడు. ఓబులేసు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఈ అర్థం కొట్టేయాల్నా సార్?"

"కొట్టెయ్యడమెందుకు? లోకంలో ఉన్న మాటే అది. ముందు ఊరు రాయి నాయనా. ఊరి మీద పడ్డ మాట తర్వాత రాద్దువు."

విస్తట్లో అన్నం చల్లారిపోతున్నా మాస్టారు చెయ్యి పెట్టలేదు. ఓబులేసు కొత్త కార్డు తీసుకుని గోడవారగా కూర్చున్నాడు. ఈసారి చాలాసేపు పట్టింది. కలం రెండుసార్లు ఆగింది.

"బాల్కన్: 1. ఐరోపాలో అడవులు నిండిన కొండల సీమ. అనేక భాషలవాళ్లు కాపురాలు చేసుకునే నేల. 2. చీలికలకి, కొట్లాటలకి పరాయివాళ్లు వాడే మాట."

మాస్టారు చదివారు. సీమ అన్న చోట కాసేపు వేలు ఆనించి ఉంచారు. ఆ తర్వాత కార్డుని పెట్టెలో వేసి, పొట్లం విప్పి, అన్నంలో పొడి కలిపి మొదటి ముద్ద వాడి చేతిలో పెట్టారు.

"ఈ పొట్లం ఏ మూలకోయ్? ఈసారి డబ్బా నిండా పంపమని చెప్పు మీ అమ్మగారికి."