టక్కుమని ఊరుకున్న జీపు

అనగనగా, బస్సు కూడా రాలేని ఒక కొండకింది ఊళ్ళో ఒక జీపు ఉండేది. ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, అప్పుడు చెబుతా. ఆఁ, అలాగ.

ఆ జీపు నూకరత్నానిది. నూకరత్నం అంటే ఎవరనుకున్నావ్? ఆ ఊరినుంచి టౌనుకి జనాన్ని చేరవేసే ఆవిడ. చీర కొంగు నడుముకి బిగించి స్టీరింగు పట్టుకుందంటే ఎంత మలుపైనా సరే, లోపల కూర్చున్నవాళ్ళు కునుకు తీసేవాళ్ళు. అంత నెమ్మదిగా నడిపేది.

ఆవిడ అక్క నరసయ్యమ్మ. ఆ అక్క కూతురు పైడితల్లి, నాలుగేళ్ళ పిల్ల. అందరూ "పైడీ, పైడీ" అని పిలిచేవాళ్ళు. పిలిచేవాళ్ళు గానీ, పాపం ఆ పిల్లకి వినపడేది కాదు. పుట్టినప్పటినుంచీ అంతే. ఉరుము ఉరిమినా, అమ్మ పిలిచినా దానికి ఒక్కటే.

అయితే దానికో అలవాటుంది. పొద్దున్నే పిన్ని జీపు స్టార్ట్ చేస్తుంటే పరుగెత్తుకొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించేది. ఇంజిన్ తిరగ్గానే ఆ అదురు అరచేతిలోంచి భుజం దాకా పాకేది. అప్పుడు చూడాలి దాని నవ్వు! ఆ నవ్వు చూడందే నూకరత్నం గేరు వేసేది కాదు.

ఆ తర్వాత ఏమైందంటే, టౌను ఆస్పత్రిలో పైడికి చెవి దగ్గర ఆపరేషన్ చేసి లోపల చిన్న మిషను అమర్చారు. గాయం మానాక ఒక పెద్ద డాక్టరమ్మ దూరపు పట్నంనుంచి అదే ఆస్పత్రికి వస్తుందన్నారు. ఆవిడే దాన్ని మొదటిసారి పనిచేయిస్తుంది. మధ్యాహ్నం దాకానే ఉంటుంది. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నూకరత్నానికి కాలు నిలవలేదు. "పిల్ల మొదటిసారి లోకాన్ని వినడానికి ఎల్తుంటే ఈ తుప్పు బండిలోనా?" అంది. ముందు రెండు రోజులూ బండి తీయకుండా జీపుకి చిలకపచ్చ రంగు వేసింది. పైన వేసింది, కింద వేసింది, బానెట్ ఎత్తి లోపలంతా వేసింది. ఒక పట్టీ అడ్డం వస్తే దాని బోల్టు విప్పి, ఆ కింద కూడా వేసి, ఆరాక మళ్ళీ బిగించింది. అంత ముద్దు మరి! ఆ పట్టీ సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత అడుగుతా.

డాక్టరమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే జీపుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నరసయ్యమ్మ జరీ అంచు చీర కట్టుకుని కూర్చుంది. పైడి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. అప్పుడు నూకరత్నం దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పింది.

టక్.

అంతే. ఒక్క టక్. మళ్ళీ తిప్పింది. టక్. నిమ్మకాయలు నలగలేదు. పైడి అరచెయ్యి అలాగే ఉంది, నవ్వు మాత్రం రాలేదు. "ఏదీ?" అన్నట్టు పిన్నివంక చూసింది.

తోసి స్టార్ట్ చేద్దామంటే ముందేమో ఎత్తు గడ్డ, వెనకేమో వాగు. ఊళ్ళో ఇంకో బండి లేదు. నరసయ్యమ్మ మొహం పాలిపోయింది. "ఓలమ్మ! మధ్యాన్నం దాటిపోతే ఎలాగే రత్నం?" అంది.

అప్పుడు పిండిమిల్లు సింహాద్రి మావ వచ్చాడు. మీసం దువ్వుకుని, చెవి ఒగ్గి ఆ టక్కు విన్నాడు. "బేటరీ సచ్చిపోనాదే! ఇంకేటి సూస్తావు?" అని తేల్చేశాడు.

నూకరత్నం వెంటనే హెడ్‌లైట్లు వేసింది. భగ్గున వెలిగాయి. హారన్ కొట్టింది. సింహాద్రి మావ ఎగిరిపడ్డాడు. నవ్వకు, పెద్దాయన! ఆ తర్వాత లైట్లు వెలుగుతుండగానే తాళం తిప్పి చూసింది. బ్యాటరీ నీరసంగా ఉంటే లైట్లు కూడా నీరసపడిపోవాలి కదా? అవి పడలేదు. "బేటరీ నిక్షేపంలా ఉంది మావా," అంది.

"అయితే మోటారు అతుక్కుపోనాది," అన్నాడు సింహాద్రి మావ, ఏమాత్రం తగ్గకుండా. అది కూడా నిజమే కావచ్చు. ఇంజిన్‌ని మొదట తిప్పి నిద్రలేపేది ఆ చిన్న స్టార్టరు మోటారే. ఒక్కోసారి అది మొండికేస్తుంది. అప్పుడు నూకరత్నం బానెట్ ఎత్తిపెట్టి, జీపు కిందకి దూరి, స్పానర్ వెనక వైపుతో మోటారుని మెల్లగా తట్టింది. దానికొచ్చే లావుపాటి ఎర్రవైరు నట్టు కదిపి చూసింది. గట్టిగానే ఉంది. ఆవిడ అలా పట్టుకుని చూస్తుంటే మావ తాళం తిప్పాడు. టక్.

ఎండ గడ్డ మీదికి ఎక్కింది. నరసయ్యమ్మ జీపులోంచి దిగి అరుగు మీద కూలబడిపోయింది. నూకరత్నం చేతులకి గ్రీజు, మొహానికి పసుపు, కళ్ళలో నీళ్ళు. ఇంత ముద్దుగా చూసుకున్న బండి ఇవాళే ఇలా చేస్తుందా అని ఆవిడకి గుండె తరుక్కుపోయింది.

"ఇంకొక్కసారి," అంది. మావ తాళం తిప్పి, వదలకుండా పట్టుకున్నాడు.

అప్పుడు పైడి ఏం చేసిందో తెలుసా? బానెట్ ఎత్తేసి ఉంది కదా, చెయ్యి ఆనించే చోటు లేదు. పక్కనించి వంగి, లోపల ఏది అందితే దానిమీద చెయ్యి వేసింది. వేసి, చటుక్కున తీసేసి, "ఉఫ్ ఉఫ్" అని వేళ్ళమీద ఊదుకుంది. కాలలేదులే, చురుక్కుమంది అంతే.

నూకరత్నం పరుగున వచ్చి ఆ వేళ్ళు ముద్దుపెట్టుకుంది. ఆ తర్వాత పిల్ల ఎక్కడ ముట్టుకుందో అక్కడ తనూ ముట్టుకుంది. అది యాక్సిలేటర్ తీగ. కాలితో తొక్కే పెడలు నుంచి ఇంజిన్ దాకా పోయే సన్నటి ఇనుప తీగ. అది వేడిగా ఉంది! ఇంజిన్ చూస్తే రాత్రి మంచుకి చల్లగా, కుండలో నీళ్ళలా ఉంది. ఇంజిన్ తిరగందే ఈ తీగ ఎందుకు వేడెక్కాలి?

ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. "ఎర్త్!" అని అరిచింది. "మావా, ఎర్త్ పోయింది!"

"ఎర్తంటే ఏటే?" అంది నరసయ్యమ్మ.

"నేల అక్కా."

"జీపు నేలమీదే ఉంది కదే పిచ్చిదానా!"

నువ్వూ అదే అనుకుంటున్నావు కదూ? నూకరత్నం కూడా ఇన్నాళ్ళూ అలాగే అనుకుంది. ఆ మాట నోటితో అనడమే గానీ, అదేమిటో ఆ క్షణందాకా మనసుకి పట్టలేదు.

చెబుతా విను. బ్యాటరీలోంచి కరెంటు బయల్దేరుతుంది. ఎర్రవైరు పట్టుకుని మోటారు దగ్గరికి వెళ్తుంది. దాన్ని గిర్రున తిప్పుతుంది. అక్కడితో పని అయిపోలేదు. అది మళ్ళీ బ్యాటరీకి, తన ఇంటికి, తిరిగి రావాలి. వచ్చే దారి ఉంటేనే అసలు గడప దాటుతుంది. ఆ వచ్చే దారి బండి ఇనుమే. ఇంజిన్ ఇనుములోంచి, నీ జడలా అల్లిన ఒక పట్టీ మీదుగా, బండి చట్రంలోకి దిగి ఇంటికొస్తుంది. దాన్నే ఎర్త్ అంటారు.

ఏ పట్టీ? ఆఁ! అదే! రంగు వేయడానికి విప్పిన పట్టీ!

దాని కింద చిలకపచ్చ రంగు మందంగా పరుచుకుని ఉంది. రంగులోంచి కరెంటు పోదు. ముద్దుచేసి ముద్దుచేసి నూకరత్నమే దాని ఇంటిదారికి తలుపు వేసేసింది. మరి కరెంటు ఏం చేసింది? ఎక్కడ సందు దొరుకుతుందా అని వెతుక్కుంది. ఆ సన్నటి తీగ దొరికింది. ఊరి జనమంతా ఒక్క ఇరుకు సందులోంచి పోగలరా? అందుకే మోటారు తిరగలేదు, తీగ వేడెక్కింది.

నూకరత్నం ఆ తీగవంక చూస్తూ అలా నిలబడిపోయింది. కంటికి కనపడదు, చెవికి వినపడదు, అయినా ఇంటికి పోవాలని ఇంత తపనా! ఇన్నేళ్ళుగా రోజూ తన చేతికిందే ఇంత వింత జరుగుతుంటే తను తాళం తిప్పి వెళ్ళిపోతోంది. ఆవిడకి తెలీకుండానే చేతులు జోడించింది. మావ కూడా తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆలస్యం చేయలేదు. పట్టీ బోల్టు విప్పింది. చాకు తీసుకుని, అంత ఇష్టంగా వేసిన రంగుని బరబరా గీకేసింది. కింద ఇనుము తళుక్కుమంది. పట్టీ పెట్టి, బోల్టు బిగించి, బానెట్ దించింది. పైడి వచ్చి చెయ్యి ఆనించింది. నూకరత్నం తాళం తిప్పింది.

గిర్ర్ గిర్ర్ గిర్ర్... డుగు డుగు డుగు డుగు!

పైడి నవ్వింది. నిమ్మకాయలు చిట్లాయి. ఎత్తు గడ్డ ఎక్కి జీపు పోయింది పో!

ఆస్పత్రికి చేరేసరికి డాక్టరమ్మ ఇంకా ఉంది. ఉంది, ఉంది, కంగారుపడకు. పైడి చెవి వెనక బిళ్ళలాంటిది తగిలించి, మెల్లగా మీట నొక్కింది. ఏమైంది? పిల్ల ఘొల్లుమంది! పాపం, అంతవరకూ లేని చప్పుళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి కదా. నరసయ్యమ్మ "పైడీ" అని పిలిచింది. పిల్ల ఇంకా ఏడ్చింది. తన ఏడుపు తనకే వినపడి మరీ ఏడ్చింది.

"కొత్త కదమ్మా, ఏ చప్పుడు ఎవరిదో తనకి తెలీదు. మెల్లగా తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. అయినా తల్లి మనసు ఊరుకుంటుందా? "నా గొంతు ఇని బెదిరిపోనాదే రత్నం," అని జీపు దాకా కుమిలిపోతూనే వచ్చింది.

నూకరత్నం జీపు ఎక్కి కూర్చుని తాళం తిప్పింది.

గిర్ర్ గిర్ర్ గిర్ర్... డుగు డుగు డుగు.

పైడి ఏడుపు ఆగిపోయింది. అమ్మ చంకలోంచి జారింది. నడిచి వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. చేతివంక చూసింది. రెండో చేత్తో చెవి ముట్టుకుంది. మళ్ళీ చేతివంక చూసింది. చేతికి ఎప్పటినుంచో తెలిసిన నేస్తం ఇప్పుడు చెవిలోంచి కూడా పలకరిస్తోంది! పిల్ల నోరు తెరిచి, "డు... డు..." అంది. అని, పకపకా నవ్వింది.

నూకరత్నం ఇంజిన్ ఆపేసింది. కళ్ళు తుడుచుకుంటోంది. ఇంజిన్ ఆగిన ఆ నిశ్శబ్దంలో, నరసయ్యమ్మ వెనకనించి భయం భయంగా, మెల్లగా పిలిచింది. "పైడీ..."

పైడి వెనక్కి తిరిగింది.

అది తన పేరని ఆ పిల్లకి తెలీదు. అటునుంచి ఏదో చప్పుడొచ్చిందని తిరిగింది. అయితేనేం? నాలుగేళ్ళుగా వెళ్ళిన పిలుపు వెళ్ళినట్టే పోయేది, ఇవాళ తిరిగి ఇంటికొచ్చింది. నరసయ్యమ్మ రోడ్డు మీదే కూర్చుని పిల్లని గుండెకి హత్తుకుంది.

ఇక కళ్ళు మూసుకో.

కథ వెళ్ళింది కంచికి,
కరెంటొచ్చింది ఇంటికి,
కునుకు రావాలి మా కన్న కంటికి!